తముక్కంలో మన పుస్తకం

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. తీరిక చేసుకుని చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు అనేవాళ్లుంటే వాళ్లకు చదివి వినిపించండి. ఈ రాత ముఖ్యంగా వాళ్ల గురించే.

మదురై పుస్తకాల పండుగకు కోయంబత్తూరు నుంచి అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. తముక్కంలో వరుసలు వరుసలుగా అంగళ్లు, యూనిఫారాల్లో బడిపిల్లల గుంపులు, ఒక పక్క ఉపన్యాసాలు, ఇంకో పక్క బజ్జీలు. రెండు గంటలు తిరిగాను. నేను తిరిగిన వరుసల్లో తెలుగు పుస్తకం ఒక్కటీ నా కంటబడలేదు. అందులో పండుగ జరిపేవాళ్ల తప్పేమీ లేదు. కొనేవాళ్లు లేని సరుకును ఏ అంగడివాడు మోసుకొస్తాడు?

అమ్మ మాత్రం ఒక పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది. కి. రాజనారాయణన్ రాసిన ‘గోపల్ల గ్రామం’. అమ్మకు తమిళం బాగా చదవడం వచ్చు, తెలుగు రాదు. నాలుగు పేజీలు తిప్పి, "ఇది మన కత గదరా! మీ అవ్వ చెప్పిన కతే. దీన్ని ఎవురు రాసింది?" అంది.

నిజమే. అది మన కథే. తెలుగు దేశంలో ఒక పాలకుడు తమ ఇంటి పిల్లను అడిగితే, ఆ పిల్లను కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి ఊరు వదిలి దక్షిణానికి వచ్చిన కుటుంబాల కథ. దారిలో ఏరు అడ్డం రావడం, చెట్టు వంగి దాటించడం, కరిసల్ నేలలో అడవి కొట్టి ఊరు కట్టుకోవడం, ఇవన్నీ మనలో చాలా ఇళ్లల్లో అవ్వలు చెప్పిన ముచ్చట్లే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన కులాల పుస్తకంలో కూడా, తొట్టియ నాయకర్లు చెప్పుకునే కథగా, కానుగ చెట్లు ఏటి మీద వంగి వంతెన అయిన ముచ్చట ఉంది. అంటే ఈ కథ నోటి మీద ఎన్నో తరాలు బతికింది. దాన్ని నవలగా కాగితం మీద పెట్టింది 1976లో, ఇడైసెవల్ అనే పల్లెలో తెలుగు ఇంట్లో పుట్టిన కి.రా. గారు. పెట్టింది తమిళంలో. దాని తర్వాతి భాగం ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆయనకు చెయ్యెత్తి దండం పెట్టాలి. ఆయన రాయకపోయి ఉంటే మా అమ్మకు ఆ రోజు ఆ సంతోషం ఉండేది కాదు. కానీ ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మన కథ మన అక్షరాల్లో ఎందుకు లేదు? మనం ఎప్పుడూ రాయలేదా, లేక రాసి వదిలేశామా?

దీనికి జవాబు మేము నిలబడిన ఆ నేల మీదే ఉంది.

తముక్కం అంటే ఇప్పటివాళ్లకు మైదానం, పక్కనే గాంధీ మ్యూజియం. 1959లో నెహ్రూ ప్రారంభించిన ఆ మ్యూజియం కట్టడం అంతకు ముందు రాణీ మంగమ్మాళ్ మహలు. ఆమె 1689 నుంచి 1706 దాకా మనవడి తరఫున మదురై రాజ్యం నడిపింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న మంగమ్మాళ్ సత్రం మీరంతా చూసే ఉంటారు. ఆ మనవడే విజయరంగ చొక్కనాథ నాయకుడు. 1706 నుంచి 1732 దాకా రాజ్యం చేశాడు. శ్రీరంగం గుడిలో కుటుంబంతో సహా చేతులు జోడించి నిలబడిన శిల్పాలు ఆయనవే.

ఆ రాజు తెలుగులో పుస్తకాలు రాశాడు. ‘శ్రీరంగ మాహాత్మ్యం’, ‘మాఘ మాహాత్మ్యం’. రెండూ వచనంలో. ఆయన కొలువులోని సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు ‘జైమిని భారతం’, ‘సారంగధర చరిత్ర’ వచనంలో రాశాడు. ‘అహల్యా సంక్రందనం’ పద్యకావ్యం కూడా ఆయనదే. శేషము వెంకటపతి ‘తారాశశాంక విజయం’ కూడా ఆ రోజుల మదురై పుస్తకమే.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఆ కాలానికి తెలుగులో పుస్తకం అంటే పద్యమే. వచనం మధ్యమధ్య వచ్చిపోయే చుట్టం. పుస్తకం మొత్తం వచనంలో రాయొచ్చు, అదీ చదివేవాళ్లు చదువుతారు అనే ధైర్యం బాగా కనబడింది తంజావూరు, మదురై నాయకుల కాలంలోనే. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మద్రాసులో అచ్చయింది 1853లో. దానికి నూరేళ్లకు పైగా ముందే మదురైలో వచనం కొలువు తీరింది. ఇంకా వెనక్కి పోతే ‘రాయవాచకం’ ఉంది. విశ్వనాథ నాయనివారి స్థానాపతి రాసినది. కృష్ణదేవరాయల కథ అంతా దాదాపు ఆనాడు కొలువుల్లో మాట్లాడిన తెలుగులోనే సాగుతుంది. దాన్ని 1993లో ఇంగ్లిషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్, అది 1600 ప్రాంతంలో మదురైలోనే పుట్టిందని వాదించాడు. 1606లో మదురై వచ్చిన ఇటలీ పాదిరి రాబర్టో డి నోబిలి తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడంటే, ఆ ఊళ్లో తెలుగుకు అంత పని ఉండబట్టే.

కాబట్టి మనం రాయని జనం కాదు. ఆంధ్రలో స్నేహితులు "మీరింకా తెలుగు మాట్లాడతారా?" అని వింతగా అడిగినప్పుడు మనం తల దించుకోనక్కర్లేదు. వాళ్లు ఈరోజు రాసే వచనానికి మన మదురై ఒక పాత తొట్టిల్లు.

అయితే గొప్పలు చెప్పుకుని ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. ఆ పుస్తకాలు తాటాకుల మీద ఉన్నాయి, కొలువులో ఉన్నాయి. అడవి కొట్టి సేద్యం చేసిన మన తాతలకూ, మగ్గం మీద కూర్చున్న దేవాంగులకూ అవి అందాయని నేననుకోను. కోయంబత్తూరు, ఈరోడు పక్కల అరుంధతీయుల ఇళ్లల్లో ఈనాటికీ తెలుగు వినబడుతుంది. ఆ రోజుల్లో వాళ్లకు పలక పట్టుకునే హక్కే ఎవరూ ఇవ్వలేదు. ఊరి లెక్కలు రాసే కొద్దిమందికీ, గుళ్లలో కొలువుల్లో ఉన్నవాళ్లకూ రాత వచ్చు. మిగిలినవాళ్లకు తెలుగు చెవిన పడే భాష, అంతే. 1951 జనగణన నాటికే దేశం మొత్తం మీద చదవగలిగినవాళ్లు నూటికి 18 మంది. అంతకు ముందు సంగతి మీరే ఊహించుకోండి.

ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, నాయకుల రాజ్యం పోగానే తెలుగు రాత ఒక్కసారిగా పోయిందని మనలో చాలామంది అనుకుంటారు. అది సరికాదు. దానికి రుజువు ఎట్టయపురం.

కోవిల్‌పట్టి దగ్గర ఎట్టయపురం సంస్థానంలో సుబ్బరామ దీక్షితులు ఉండేవారు. ముత్తుస్వామి దీక్షితుల వారి కుటుంబం. ఆయన 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహా గ్రంథం వెలువరించారు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు ఈరోజుకూ అది ఆధార గ్రంథం. ఆ పుస్తకం అచ్చయింది మద్రాసులో కాదు, బెజవాడలో కాదు. ఎట్టయపురంలోనే, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో. భాష తెలుగు, లిపి తెలుగు. నల్లరేగడి పల్లెల నడుమ, చుట్టూ తమిళం వినబడే చోట, ఒక మనిషి కూర్చుని తెలుగు సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చాడు. ప్రూఫు దిద్దడానికి ఇంకొకరు ఉన్నారు. కొని చదివేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1904, ఎట్టయపురం: తెలుగు పుస్తకం తెలుగు అక్షరాల్లో. 1976, ఇడైసెవల్: తెలుగువాళ్ల కథ తమిళ అక్షరాల్లో. రెండు ఊళ్లూ కోవిల్‌పట్టి చుట్టుపక్కలే. మధ్యలో 72 ఏళ్లు. దీక్షితుల వారి గ్రంథాన్ని కూడా తర్వాత మద్రాసు సంగీత అకాడమీ తమిళంలో వేయాల్సి వచ్చింది. తెలుగు లిపి చదవగలిగినవాళ్లు సంగీతం వాళ్లలోనే తగ్గిపోయారు మరి. అంటే మనకు అక్షరం జారిపోయింది నాయకుల కాలంలో కాదు. మన తాతల, తండ్రుల కాలంలో.

ఏం జరిగింది? మొదటిది, చదువు బడిలోకి వచ్చింది. అది మంచిదే. అందరికీ వచ్చింది. కానీ బడి ఏ భాషలో ఉంటే చదువు ఆ భాషలో వచ్చింది. రెండోది, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషల వారీ రాష్ట్రాలు. తెలుగు పుస్తకాలు అచ్చు వేసే ఇళ్లు, పత్రికలు ఒక్కొక్కటిగా మద్రాసు నుంచి ఉత్తరానికి తరలాయి. ‘చందమామ’ 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళం రెండింటిలోనూ మొదలైంది. మన ఇళ్లల్లో చాలామంది దాన్ని ‘అంబులిమామ’గానే చదివారు. మూడోది, 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టం. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇది మనల్ని పెంచిన నేల, ఆ భాష మనకు అన్నం పెట్టింది. కష్టం ఎక్కడంటే, తెలుగు ఇష్టమైతే చదువుకునే పాఠంగా పక్కకు జరిగింది. నేను చదివిన బడిలో తెలుగు అయ్యవారు రిటైరయ్యాక ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

నాలుగోది మనమే. ఇది ఒప్పుకోవడానికి నోరు రాదు. బడులు కట్టడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. పీళమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి కొడుకులు నలుగురూ ఆస్తి పంచుకునేటప్పుడు ఐదు వాటాలు వేసి, ఐదో వాటా ధర్మానికి ఇచ్చారు. అదే 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ ఛారిటీస్ అయింది. దాని నీడలో 1951లో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. చిన్నప్పుడే బడి మానేసిన జి.డి. నాయుడు గారు పుస్తకాలు, యంత్రాలు విప్పి చూసి నేర్చుకుని, వేలమందికి పని నేర్పారు. ఇంత చేసిన జనం మనం. లెక్కలకు, యంత్రాలకు, మిల్లులకు, ఆసుపత్రులకు వాటాలు తీశాం. అక్షరానికి మాత్రం, "ఇంట్లో మాట్లాడుకుంటున్నాం గదా, చాల్లే" అని ఊరుకున్నాం.

చాల్లేదు. ఎందుకు చాల్లేదో మా అవ్వ నోటుపుస్తకం చూపించి చెబుతాను.

మా ఊరు తిరుమంగళం దగ్గర. అవ్వకు పాటలు చాలా వచ్చు. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, బిడ్డను జోకొట్టే పాటలు. ముసలితనంలో మరిచిపోతానేమోనని వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. పాట తెలుగు, అక్షరం తమిళం. ఆమెకు వచ్చిన అక్షరం అదే. ఆమె పోయాక ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద రెండింటికీ ఒకటే. ప, బ రెండింటికీ ఒకటే. తమిళానికి అది ఏ ఇబ్బందీ కాదు, ఆ భాష నడక అలాంటిది. తెలుగును ఆ అక్షరాల్లో పెట్టేసరికి మాత్రం చిక్కు మొదలవుతుంది. ‘గాలి’ అని రాసినా ‘కాలి’ అని రాసినా ఒకటే కనబడుతుంది. ‘బండి’, ‘పండి’ ఒకటే. ‘బడి’ అనే మాట రాస్తే తమిళంలో ‘పడి’ అవుతుంది. తమిళంలో ‘పడి’ అంటే ‘చదువు’ అని మీకు తెలుసు గదా. ఆ చోట మాత్రం నాకు నవ్వొచ్చింది. అవ్వ బడికి పోలేదు, కానీ రాసిన బడిలో చదువు దొరికింది.

మిగతా చోట్ల నవ్వు రాలేదు. అమ్మ పక్కన కూర్చుని పాడితే నేను తెలుగు అక్షరాల్లోకి మార్చి రాస్తున్నాను. అమ్మకు బాణీ గుర్తుంది కాబట్టి గాలి ఏదో కాలి ఏదో చెబుతుంది. ఆమె తర్వాత నాకు చెప్పేవాళ్లు లేరు. నా తర్వాత నా కూతురికి ఆ పుస్తకం ఎవరూ విప్పలేని మూట అవుతుంది. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షలకు పైగా, అంటే సుమారు 5.9 శాతం. ఇంతమంది ఇళ్లల్లో ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని పాత కాగితాల వాడికి పోయాయో!

ఇలాంటి స్థితిలో ఇతరులు ఏం చేశారో చూడండి. మదురైలో మన పక్క వీధి సౌరాష్ట్రులనే తీసుకుందాం. వాళ్ల భాషకు పుస్తకాలే అరుదు. ఒకప్పుడు తెలుగు అక్షరాల్లో కూడా రాసుకునేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో టి.ఎం. రామరాయ్ అనే ఆయన వాళ్ల లిపికి అచ్చు అక్షరాలు పోత పోయించి, పిల్లల వాచకాలు వేశారు. గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాసి బడి పెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, పుస్తకం ఉన్నచోటికి మనిషి రావడం కాదు, మనిషి ఉన్నచోటికి పుస్తకం పోవాలన్న పట్టుదలతో ఉద్యమం నడిపారు. 1931లో మన్నార్‌గుడి దగ్గర మేలవాసల్ నుంచి ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు పోయాయి. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం తిరిగింది. మనకు ఎడ్లబండీ వద్దు, పడవా వద్దు. అందరి దగ్గరా కార్లున్నాయి.

మళ్లీ కి.రా. గారి దగ్గరికే వస్తాను. ఆయన చదివింది ఏడెనిమిది తరగతులే. అయినా కరిసల్ సీమ మాటలన్నీ ఏరి నిఘంటువు కూర్చారు. పండితులు మొరటు మాటలని తోసేసినవాటిని ఆయన మర్యాదగా కాగితం మీద కూర్చోబెట్టారు. మన తెలుగుకు ఆ పని ఎవరు చేస్తారు? మనం ఇంట్లో మాట్లాడే తెలుగు విజయవాడ టీవీ తెలుగు కాదు. అందులో వందల ఏళ్ల నాటి మాటలున్నాయి, తమిళంతో కలిసి పెరిగిన మాటలున్నాయి. "మాది తప్పు తెలుగు" అని సిగ్గుపడి మనమే పిల్లల ముందు మానేస్తున్నాం. హోసూరు, కృష్ణగిరి పక్క రచయితలు తమ యాసలోనే కథలు రాసి పుస్తకాలు వేసుకున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు, పైగా మెచ్చుకున్నారు.

అందుకని సంఘం ముందు ఒక మాట పెడుతున్నాను. ప్రతి ఏడూ ఉగాదికి మనం పాటలు, భోజనం, సన్మానం పెట్టుకుంటాం. ఈ ఏడు ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజున, ఒక పుస్తకాల రోజు పెట్టుకుందాం. పెద్ద ఖర్చు వద్దు. ఒక కల్యాణమండపం, నాలుగు బల్లలు.

మొదటి బల్ల మీద ప్రతి ఇంటి నుంచి ఒక పాత కాగితం. తాతల నాటి పత్రం, ఉత్తరం, శుభలేఖ, పాటల పుస్తకం, ఏదైనా సరే. ఫోటో తీసుకుని అసలుది అక్కడికక్కడే తిరిగి ఇచ్చేద్దాం.

రెండో బల్ల మీద మాటలు. ప్రతి కుటుంబం ఇంట్లో వాడే 50 మాటలు, వాటి అర్థం రాసి తేవాలి. తమిళ అక్షరాల్లో రాసినా తీసుకుందాం. కానీ తెచ్చినవాళ్ల చేత పైకి పలికించి, తెలుగు అక్షరాల్లోకి మార్చుకుందాం.

మూడో బల్ల మీద పలకలు. వయసుతో పని లేదు. ఆ రోజు ఎవరైనా తమ పేరు, తమ ఊరి పేరు తెలుగులో రాయడం నేర్చుకుని పోవాలి. తర్వాత ఆదివారం ఆదివారం ఒక గంట. నేర్పడానికి నేను సిద్ధం. ఇంకో ఇద్దరు తోడైతే చాలు.

నాలుగో బల్ల మీద అమ్మకానికి పుస్తకాలు. విజయవాడ పుస్తక మహోత్సవానికి పోయి వచ్చేవాళ్లు మనలో ఉన్నారు, తెప్పించుకోవచ్చు. ఆ బల్ల మీద అమ్ముడుపోయే తీరు చూసి, తర్వాత కోయంబత్తూరు కొడిసియా పుస్తకాల పండుగలోనూ, తముక్కంలోనూ చిన్న అంగడి అడుగుదాం. చేతిలో లెక్క ఉంటే అడగడానికి మొహమాటం ఉండదు.

ఒక షరతు. ఈ పిలుపు మన సంఘం రిజిస్టరులో పేరున్నవాళ్లకే కాదు. తెలుగు మాట్లాడే ప్రతి వీధికీ పోవాలి. ఒకప్పుడు పలక అందని ఇళ్లకు ముందు పోవాలి. పీళమేడు పెద్దలు ఐదో వాటా తీసినట్టు, మన సంఘం ఖర్చులో ఐదో వాటా ఈ పనికి తీద్దాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చే సమావేశంలో చెప్పండి. జవాబు చెప్పడానికి వస్తాను.

చివరగా ఒక సాయం కావాలి. అవ్వ పుస్తకంలో ఒక నాట్ల పాట ఉంది. దానిలో ఒక ఆడమనిషి నెత్తిన ఏదో మోసుకుని గట్టు మీద నడిచిపోతూ ఉంటుంది. అవ్వ రాసిన అక్షరాలను ‘గంప’ అనీ చదవొచ్చు, ‘కంప’ అనీ చదవొచ్చు. గంపైతే కూడు తీసుకుపోతోంది. కంపైతే చేనికి కంచె వేయడానికి పోతోంది. ఆ పాట బాణీ అమ్మకు గుర్తు లేదు. తిరుమంగళం, కల్లుపట్టి పక్కల పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఒక్కసారి అడిగి చెప్పండి. ఆ ఒక్క మాట దగ్గర ఖాళీ వదిలి పెట్టుకున్నాను.